హబ్‌లో కొత్తవాళ్ల పరిచయం: ఆఫీసు గుమ్మం నుంచి ఊరి సంఘం దాకా

కొర్రల పొట్టు తీసే మిషన్ ఒకటి మా సోషల్ ఇన్నోవేషన్ హబ్ (ఊళ్లకి పనికొచ్చే కొత్త ఆలోచనలకి, యంత్రాలకి సాయం చేసే సంస్థ) తరఫున ఒక మహిళా సంఘానికి ట్రయల్‌గా ఇచ్చాం. దాన్ని చూసుకోవడానికి కొత్తగా ఒక ఇంజనీరు చేరాడు. సంఘం మీటింగ్‌లో అతన్ని పరిచయం చేసింది నేనే. "ఈ సారు పెద్ద చదువులు చదివారు, అమెరికాలో ఉద్యోగం వదిలేసి మన కోసం వచ్చారు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఒకావిడ గబగబా లోపలికెళ్లి కుర్చీ తెచ్చి వేసింది. ఆడవాళ్లంతా చాప మీద, అతనొక్కడూ కుర్చీలో. మిషన్ ఎలా ఉందని అడిగితే అందరిదీ ఒకటే మాట: "మంచిగుంది సార్."

మూడు వారాల తర్వాత చెప్పాపెట్టకుండా వెళ్తే మిషన్ మీద గోనెసంచి కప్పి ఉంది. గింజ విరిగి నూక ఎక్కువ పడుతోందట. మొదటి రోజు నుంచీ వాళ్లకి తెలుసు. మరి చెప్పలేదేం అంటే, "అంత దూరం నుంచొచ్చిన సారు, మొహం మీద బాగలేదని ఎట్ల చెప్తం?" అంది సంఘం లీడరు.

అతన్నే మళ్లీ పరిచయం చేశాం. "ఈ తమ్ముడు మిషన్ సరిచేసేటోడు. ఏం బాగలేదో ఈయనకే చెప్పాలె. మీరు చెప్పకపోతే ఈయనకు పని లేదు." అతను చాప మీదే కూర్చున్నాడు. అరగంటలో పదకొండు ఫిర్యాదులు రాసుకున్నాడు. నూక ఒక్కటే కాదు, మిషన్ మోతకి పక్కింటి పసివాడు నిద్ర లేస్తున్నాడన్నది కూడా అందులో ఉంది.

అప్పటి నుంచి ఎవరు చేరినా నేను ఒకటే చూసుకుంటాను. ఈ మనిషి దగ్గరికి ఏ పని మీద రావాలో విన్నవాళ్లకి తెలిసిందా లేదా? డిగ్రీలు, అవార్డుల సంగతి మెల్లగా వాళ్లకే తెలుస్తుంది.

మామూలు ఆఫీసులో కొత్తవాళ్లని టేబుల్ టేబుల్‌కీ తిప్పితే పరిచయం అయిపోతుంది. సోషల్ ఇన్నోవేషన్ హబ్‌లో అలా కుదరదు. జీతానికి పనిచేసే సిబ్బంది, హబ్‌లో చోటు తీసుకున్న స్టార్టప్‌లు, ఊళ్లలో సొంతంగా యంత్రాలు చేసుకునేవాళ్లు, ఏడాది ఫెలోషిప్ మీద వచ్చినవాళ్లు, సెలవుల్లో వచ్చే ఇంటర్న్‌లు, సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద డబ్బిచ్చే కంపెనీలు, మండలాఫీసు వాళ్లు, అందరూ మనవాళ్లే. 2015లో టీ-హబ్, 2018లో వీ-హబ్ హైదరాబాద్‌లో మొదలయ్యాక, 2025లో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచాక 'హబ్' అంటే జనానికి పెద్ద అద్దాల భవనం గుర్తొస్తోంది. నేను చెప్పేది పది పదిహేను మందితో, రెండు గదుల్లో నడిచే చిన్న హబ్‌ల గురించి. పెద్దవాళ్లకి హెచ్ఆర్ విభాగాలు ఉంటాయి, వాళ్ల గొడవ వాళ్లు చూసుకుంటారు.

1. చేరడానికి వారం ముందు ఒక ఫోన్

కొత్తవాళ్లని అడగకుండా వాళ్ల గురించి ఎక్కడా ఒక్క ముక్క రాయొద్దు. వారం ముందు ఫోన్ చేసి పావుగంట మాట్లాడితే చాలు. ఏ పేరుతో పిలవాలి? ఇంటిపేరు, పేరు చివర కులాన్ని సూచించే మాట ఉంటే అవి చెప్పాలా వద్దా? ఏ ఫోటో వాడాలి, అసలు వాడొచ్చా? తెలుగు ఎంతవరకు వచ్చు? ఏ విషయం బయటికి చెప్పకూడదు?

ఈ చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. ఒకమ్మాయి పాత కంపెనీ పేరు ఎక్కడా రావద్దంది. నేను కారణం అడగలేదు. ఇంకొకతనికి చెవుడు, వినికిడి మిషన్ పెట్టుకుంటాడు. ఆ సంగతి మేం చెప్పాలా, తనే చెప్పుకుంటాడా అని అడిగాం. "మీరే చెప్పండి, కాకపోతే జాలిగా కాకుండా, ఎదురుగా నిలబడి మాట్లాడమని చెప్పండి" అన్నాడు. అలాగే చెప్పాం.

ఇదే ఫోన్‌లో మొదటి రోజు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకోవాలో వద్దో కూడా చెప్పండి. చిన్న విషయంలా ఉంటుంది. అందరూ డబ్బాలు విప్పుకుంటుంటే తన దగ్గర ఏమీ లేక ఫోన్ చూస్తూ కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది ఆ ఇబ్బంది.

2. పని ఒక్క వాక్యంలో

హబ్‌లలో పదవుల పేర్లు చూస్తే నాకే తల తిరుగుతుంది: ఎకోసిస్టమ్ లీడ్, ఇంపాక్ట్ అసోసియేట్, కమ్యూనిటీ క్యాటలిస్ట్. విజిటింగ్ కార్డు మీద ఉండనివ్వండి, పరిచయంలోకి రానివ్వొద్దు. ఒక కాగితం మీద మూడు వరసలు రాయండి. ఈమె దగ్గరికి దేనికి రావాలి. దేనికి రాకూడదు. ఈమె లేనప్పుడు ఎవరిని అడగాలి.

రెండో వరస చాలా పనికొస్తుంది. మా దగ్గర చేరిన కొత్త అకౌంటెంటుని మొదటి వారంలోనే మూడు స్టార్టప్‌ల వాళ్లు జీఎస్టీ రిటర్న్‌లు వేసిపెట్టమని అడిగారు. ఆమె మొహమాటపడి రెండు వేసింది కూడా. "హబ్ లెక్కలు చూస్తారు, స్టార్టప్‌ల లెక్కలు చూడరు" అని మేం ముందే అని ఉంటే ఆ మొహమాటం తప్పేది.

రాసిన వాక్యం బాగుందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. మా ఆఫీసులో టీ పెట్టే అక్కకి చదివి వినిపిస్తాను. "గ్రామీణ ఆవిష్కర్తల సామర్థ్యాభివృద్ధి సమన్వయకర్త" అని చదివితే ఆమె గిన్నె కడుక్కుంటూ ఊఁ అంది. "ఊళ్లలో మిషన్లు చేసేవాళ్లకి పేటెంటు కాగితాలు, బ్యాంకు కాగితాలు రాయడంలో సాయం చేస్తారు" అన్నాను. "అయితే మా బావమరిదిని ఒకసారి తీసుకొస్త" అంది. మేం వాడింది ఆ రెండో వాక్యమే.

3. వాట్సాప్ గ్రూపులో మెసేజ్

మొదటి రోజు ఉదయం, కొత్తమనిషి ఆఫీసులో కూర్చున్నాకే పెట్టాలి. శుక్రవారం సాయంత్రం పెడితే సోమవారానికి అది పండగ శుభాకాంక్షల కింద పూడుకుపోతుంది.

ఎక్కువగా కనిపించే మెసేజ్ ఇలా ఉంటుంది: "అపార అనుభవం, అంకితభావం గల ఫలానా గారు మన కుటుంబంలో భాగమైనందుకు ఎంతో సంతోషిస్తున్నాం. వారికి సాదర స్వాగతం." కింద ముప్పై నమస్కారాల బొమ్మలు. ఈ మెసేజ్‌లో పేరు మార్చి ఎవరికైనా పెట్టొచ్చు, అదే దాని లోపం.

మేం పెట్టేది ఇలా ఉంటుంది: "ఈరోజు నుంచి ఫలానా మనతో పనిచేస్తున్నారు. నారాయణపేట వైపు చేనేత సంఘాల పని ఈమె చూస్తారు. మగ్గం సామాను, రంగుల ట్రయల్స్, సంఘాల మీటింగ్ తేదీలు ఈమెని అడగండి. గ్రాంటు డబ్బుల సంగతి ఎప్పట్లాగే అకౌంట్స్‌లో. ఈ రెండు వారాలు ఈమె అన్నీ చూసి నేర్చుకుంటారు, నిర్ణయాలు అడగొద్దు. తెలుగు, కన్నడ వచ్చు. కిటికీ పక్క టేబుల్."

ఫోన్ నంబరు ఆమె ఒప్పుకున్నాకే. రెండు వందల మంది ఉన్న స్టార్టప్ గ్రూపులో అడక్కుండా ఎవరినీ చేర్చొద్దు. ముఖ్యంగా ఆడవాళ్లకి ఆ రాత్రి నుంచే వచ్చే "హాయ్"లు ఎలా ఉంటాయో చేర్చేవాళ్లకి తెలియదు.

4. మొదటి రోజు

శాలువా, బొకే, కేకు వద్దు. శాలువా కప్పించుకున్న మనిషి మధ్యాహ్నానికల్లా ప్రింటర్ ఎలా పనిచేస్తుందో అడగడానికి కూడా సిగ్గుపడతాడు. ఆటలు ఆడించి బెరుకు పోగొట్టే పద్ధతి కూడా నాకు నచ్చదు. యాభై ఏళ్ల వెల్డింగ్ మేస్త్రీ చేతికి బెలూన్ ఇచ్చి ఊదమంటే ఆయన ఏమనుకుంటాడు?

"మీ గురించి రెండు ముక్కలు చెప్పండి" అని కొత్తవాళ్లని నిలబెట్టకండి. వాళ్లకి ఎవరూ తెలియదు, టెన్షన్ వాళ్లదే. పాతవాళ్లనే ఒక్కొక్కరినీ నిమిషంలో చెప్పమనండి: పేరు, నా దగ్గరికి దేనికి రావాలి, నేను ఏ వేళలో దొరుకుతాను. మా డ్రైవరు చెప్పింది నాకిప్పటికీ గుర్తుంది. "ఊరికి పోవాలంటే ముందురోజు సాయంత్రం ఐదులోపు చెప్పాలె. పొద్దున చెప్తే బండి ఉంటది, డీజిల్ ఉండదు." ఇంతకన్నా మంచి పరిచయం నేను వినలేదు.

5. పోష్ కమిటీ పేర్లు మొదటి రోజే

దీన్ని చిన్న సంస్థలు దాటేస్తాయి. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల నివారణ చట్టం (పోష్) 2013లో వచ్చింది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఈ చట్టం కింద వాలంటీరు, ఇంటర్న్ కూడా ఉద్యోగులే. పని మీద వెళ్లిన ఊరు, సంస్థ ఏర్పాటు చేసిన బండి కూడా పనిచేసే చోటే.

కాబట్టి కమిటీలో ఉన్నవాళ్లు ఎవరో గోడ మీద కాగితం చూపించి సరిపెట్టకుండా, మనుషులుగా పరిచయం చేయండి. బయటి నుంచి ఉండే సభ్యురాలిది ఫోన్ నంబరైనా ఇవ్వండి. ఈ మాట ఆడవాళ్లకే కాదు, చేరే మగవాళ్లకీ అదే రోజు చెప్పాలి.

6. రెండు వారాల జోడీ

కొత్తవాళ్లకి ఒక తోడు కావాలి. బాస్ పనికిరాడు, బాస్‌ని ఎవరూ పిచ్చి ప్రశ్నలు అడగరు. మరీ సీనియర్ కూడా వద్దు, ఆయనకి అన్నీ అలవాటైపోయి ఏది వింతో గుర్తుండదు. ఏడాది లోపు చేరినవాళ్లు సరిగ్గా సరిపోతారు. జోడీకి ఆ రెండు వారాలు మిగతా పని కొంత తగ్గించాలి. తగ్గించకుండా తోడుండమంటే అది జోడీ పేరుతో ఓవర్‌టైమ్.

7. ఊళ్లో పరిచయం

హబ్ అసలు పని ఉండేది ఇక్కడే. ఈ అడుగుకి మిగతావన్నీ కలిపినంత శ్రద్ధ పెట్టాలని నా అభిప్రాయం.

ముందు వేళ. నాట్ల రోజుల్లో, ఉపాధి హామీ పనులు నడిచే ఎండాకాలంలో పొద్దున పదకొండింటికి మీటింగ్ పెడితే వచ్చేది ముసలివాళ్లు, పిల్లలు. పనులకి పోకముందో, పొద్దు గూకాకో వెళ్లాలి. సంఘం నెల మీటింగ్ ఎలాగూ ఉంటుంది, అందులో పది నిమిషాలు అడిగి తీసుకోవడం ఇంకా నయం. మన పరిచయం కోసం వాళ్ల కూలి పోకూడదు.

తర్వాత చోటు. సర్పంచ్ గారి ఇంటి అరుగు మర్యాదగానే ఉంటుంది. గుడి ముందూ బాగానే ఉంటుంది. కానీ ఆ అరుగెక్కని వాళ్లు, ఆ గుడి ముందు కూర్చోని వాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. వాళ్లు దూరంగా నిలబడి వింటారు, లేదా రారు. స్కూలు, అంగన్‌వాడీ, మహిళా సంఘాల సమాఖ్య భవనం మేలు. ఒకటే వాడలో పెట్టి వచ్చేస్తే కొత్తమనిషి ఆ వాడ మనిషైపోతుంది. రెండు వాడల్లోనూ రెండుసార్లు చేయండి, ఇంకో గంట పడుతుంది, అంతే.

ఎవరు పరిచయం చేయాలి? హబ్ డైరెక్టరు కన్నా ఆ ఊరి వీఓఏ (మహిళా సంఘాల పుస్తకాలు, లెక్కలు చూసే ఆమె), లేదా సంఘం లీడరు చేస్తే ఊరు నమ్ముతుంది. ముందురోజు ఫోన్‌లో ఆమెకి ఆ ఒక్క వాక్యం చెప్పి పెట్టండి. ఆమె తన మాటల్లో మార్చి చెబుతుంది. అడ్డుపడి సరిదిద్దొద్దు.

"ఏ ఊరు బిడ్డా?" తర్వాత "మీరేమిట్లు?" అని, అంటే ఏ కులమని, రావడం ఖాయం. దీనికి కొత్తవాళ్లని ఒంటరిగా వదిలేయకూడదు. దళిత కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయికి ఆ ప్రశ్న ఎలా తగులుతుందో, పేరు చివర రెడ్డి అనో శర్మ అనో ఉన్నవాళ్లకి తెలియదు. వాళ్లని ఆ ప్రశ్న ఎవరూ అడగరు కూడా. పక్కనున్న పాతవాళ్లు వెంటనే అందుకోవాలి: "అవన్నీ మా ఆఫీసులో అడుక్కోం పెద్దమ్మా, ఈ అమ్మాయి విత్తనాల సంగతి చూస్తది, మీ కంది విత్తనం ఎట్లుంది?" మాట మళ్లుతుంది. తండ్రి వృత్తి చెప్పి తప్పించుకోమని కొందరు సలహా ఇస్తారు. ఒక్కోసారి ఆ వృత్తిలోనే అడిగిన ప్రశ్నకి జవాబు ఉంటుంది, కాబట్టి ఆ సలహా ఇవ్వకండి.

పిలుపులు: అక్కా, అన్నా, పెద్దమ్మా, తాతా. కొత్తవాళ్లని హబ్‌లో పేరు పెట్టి పిలుచుకోవచ్చు, ఊళ్లో మాత్రం 'మీరు' తగ్గకూడదు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు తెలంగాణ యాసని అనుకరించి మాట్లాడబోతారు. ఎంత ప్రేమగా చేసినా వెక్కిరింతలా వినిపిస్తుంది. తమ యాసలోనే మాట్లాడనివ్వండి. తెలుగు రాని ఫెలో అయితే మూడు వాక్యాలు నేర్పండి: పేరు, పని, "నాకు తెలుగు నేర్పుతారా అక్కా?" మూడోది విన్నాక సంఘమంతా టీచర్లే.

రెండు కట్టుబాట్లు. మొదటి పర్యటనలో కొత్తమనిషి ఏ హామీ ఇవ్వకూడదు, "చూద్దాం" అని కూడా అనకూడదు. మా ఊళ్లలో 'చూద్దాం' అంటే 'అవుతుంది' అనే అర్థం. ఆ రోజు ఫోటోలూ వద్దు.

8. ఇన్నోవేటర్లకి పరిచయం

ఎవరిని ఎవరికి పరిచయం చేస్తున్నామో గుర్తుండాలి. ఇంట్లో పెద్దవాళ్లకి చిన్నవాళ్లని చూపిస్తాం, చిన్నవాళ్ల దగ్గరికి పెద్దవాళ్లని లాక్కురాం. ఇక్కడ ఊళ్లో సొంతంగా యంత్రాలు చేసుకునే ఇన్నోవేటరే పెద్ద.

ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారి కథ కొత్తవాళ్లకి నేను తప్పక చెబుతాను. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన ఆయన ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి మనిషి ముందు బీటెక్ కుర్రాడిని నిలబెట్టి "మీకు సాంకేతిక సహకారం ఇస్తారు" అంటే ఎలా ఉంటుంది? "మీ యంత్రం చూసి నేర్చుకోవడానికి వచ్చాడు, డ్రాయింగ్‌లు గీయాలంటే ఇతనికి చెప్పండి" అనండి.

వీలైతే మొదటి నెలలో పల్లె సృజన వాళ్ల శోధయాత్ర లాంటి దానికి పంపండి. రిటైర్డ్ బ్రిగేడియర్ పోగుల గణేశం గారు మొదలుపెట్టిన సంస్థ అది, ఊరూరా నడుస్తూ పనిమంతుల్ని వెతుకుతారు. తెలంగాణలో ఆగస్టు 15 ప్రాంతంలో 'ఇంటింటా ఇన్నోవేటర్' ప్రదర్శనలు జరిగినప్పుడు జిల్లా కేంద్రానికి వెళ్లి రోజంతా స్టాళ్ల ముందు తిరిగినా చాలా తెలుస్తుంది.

హబ్‌లో ఉన్న స్టార్టప్‌లకి వేరే మీటింగ్ అక్కర్లేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు రోజుకొక టీముతో కూర్చోబెట్టండి.

9. అధికారులు, డబ్బిచ్చేవాళ్లు

లెటర్‌హెడ్ మీద అర పేజీ: పేరు, పని, నంబరు, పాతవాళ్ల స్థానంలోనా కొత్తగానా. ఎంపీడీఓ ఆఫీసుకీ, మండలంలో మహిళా సంఘాల పని చూసే ఏపీఎంకీ పాత మనిషి వెంటబెట్టుకుని వెళ్లి ఇవ్వాలి. సీఎస్ఆర్ వాళ్లకి మెయిల్ చాలు. అధికారి సీట్లో లేకపోతే ఆయన సీసీకి (క్యాంపు క్లర్కుకి) తప్పకుండా పరిచయం చేయండి, రేపు ఫోన్ ఎత్తేది ఆ క్లర్కే.

10. నెల తర్వాత తిరుగు పరిచయం

ముప్పై రోజులయ్యాక కొత్తమనిషిని పది నిమిషాలు మాట్లాడమనండి, ఈసారి తన గురించి కాదు, మన గురించి. ఏది అర్థం కాలేదు, ఏది వింతగా ఉంది, ఎవరితో ఇంకా ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఒకసారి ఒకబ్బాయి లేచి, "మీరంతా ఇన్నోవేటర్లని 'మన బెనిఫిషియరీలు' అంటున్నారు, వాళ్లకి తెలుసా?" అన్నాడు. గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. ఆ మాట మా రిపోర్టుల్లోంచి తీసేయడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది, అది వేరే కథ.

పాతవాళ్ల స్థానంలో వస్తే

అందరికీ ఇష్టమైన మనిషి వెళ్లిపోయి ఆ చోట కొత్తవాళ్లు వస్తే ఊరు మొదట అడిగేది "ఆ అక్క ఏమైంది?" దీనికి నిజం చెప్పాలి: పెళ్లయి వెళ్లింది, పై చదువుకి వెళ్లింది, వేరే ఉద్యోగం వచ్చింది. గొడవపడి వెళ్లినా "మానేసింది, బాగుంది" చాలు. వివరాలు దాచొచ్చు, కథ అల్లకూడదు. వాళ్లు ఆమెకి ఫోన్ చేసి ఎలాగూ కనుక్కుంటారు. వీలైతే ఆమెనే తీసుకెళ్లండి. ఆమె కొత్తమ్మాయి చెయ్యి పట్టుకుని "నా తర్వాత ఈమె" అంటే మీ పని సగమైంది. ఊరికిచ్చే నంబరు మాత్రం మనిషిది కాకుండా హబ్ సిమ్ అయి ఉండాలి. మనుషులు మారినా ఆ నంబరు మారదు.

ఇంటర్న్‌లనీ ఫెలోలనీ పరిచయం చేసేటప్పుడు వెళ్లిపోయే తేదీ కూడా అప్పుడే చెప్పేయాలి. నేను మొదట్లో చెప్పేదాన్ని కాదు, వచ్చిన రోజే పోయే మాట అనడం బాగోదనిపించేది. పోయినేడు ఒక ఇంటర్న్‌ని తీసుకెళ్లి, "ఈ తమ్ముడు జూన్ 15 దాకే ఉంటడు" అన్నాను. సంఘం లీడరు లేచి గోడ మీది క్యాలెండరులో ఆ తేదీకి పెన్నుతో సున్నా చుట్టింది. "అయితే తూకం మిషన్ సంగతి ముందు చూడుమనాలె" అంటూ అతన్ని పక్కగదిలోకి తీసుకుపోయింది.